తెల్లది తెమ్మన్నావుగా

ఆ మందుల శాలలో అందరూ ఆయన్ని చేదు బాబాయి అనేవారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు కానీ, పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారు. రోజంతా ఎండిన ఆకులూ వేళ్లూ నోట్లో వేసుకుని నమిలి, ఇది ఫలానా, ఇది ఫలానా కాదు అని తేల్చడం ఆయన పని. ముప్పై ఏళ్లు అలా నమిలాక ఆ చేదంతా మాటల్లోకి దిగిపోయిందని సరుకు చెరిగే ఆడవాళ్లు నవ్వుకునేవారు. ఆయన ఎదుట కాదు. ఆయన ఎదుట నవ్వే ధైర్యం ఆ శాలలో తూకపురాళ్లకు కూడా లేదు.

ఆయన చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది. ఆగిపోయింది అనడం మర్యాద. తండ్రి మంచాన పడితే పలక లాక్కుని రోకలి చేతికిచ్చారు. ఇప్పుడు సీసాల మీద అంటించే కాగితాలను కూడబలుక్కుని చదవగలడు. ఆ సీసాల్లోకి వెళ్లేది ఏదో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలడు. కాగితం రాసేవాళ్లకు కుర్చీ, ఫ్యాను. నమిలేవాడికి ముక్కాలిపీట. ఈ సంగతి రోజుకొక్కసారైనా ఎవరో ఒకరికి గుర్తుచేయకపోతే ఆయనకు పొద్దుపోదు.

శాలలో వాపుల మందుకు గలిజేరు వాడతారు. బీళ్లలోనూ కంకర కుప్పల పక్కనా ఎవరూ నాటకుండానే పాకే మొక్క అది. వేరుతో సహా పీకి, కడిగి, ఎండబెట్టి తెస్తారు. చూడ్డానికి దాని చుట్టంలా ఉండే మొక్క ఇంకొకటి ఉంది, లోకం దాన్నీ గలిజేరనే అంటుంది. మొదటిది ఎండితే పాలిపోయి గడ్డిలా తెల్లబడుతుంది. రెండోది కాస్త ఒళ్లున్న మొక్క, ఎండేసరికి తుప్పు పట్టిన ఇనుములా తయారవుతుంది. శాలకు కావలసింది మొదటిది. అందుకని శాలలో మొదటిదాన్ని తెల్లది అంటారు, రెండోదాన్ని ఎర్రది అంటారు. శాల యజమాని పెద్దవైద్యుడి తండ్రి కాలం నుంచి అదే మాట.

ఆ సరుకు ఇరవై ఏళ్లుగా తెచ్చేది వదిన, అంటే బాబాయి భార్యకు సొంత అక్క. బస్సులో రెండు గంటల దూరంలో, రైలు కట్ట పక్కన ఉంటుంది. భర్త పోయాక ఆమెను నిలబెట్టింది ఆ గోనె బస్తాలే. శాలవాళ్ల లిస్టులో పేరుంటే ఏడాది పొడుగునా ఏదో ఒకటి తెమ్మంటూనే ఉంటారు. పేరు లేకపోతే, ఆమె తెచ్చేది దారిన పోయే పశువు కూడా అడగదు. ఇన్నేళ్లూ "వదినా, గలిజేరు పంపు" అంటే సరిపోయేది. ఏ గలిజేరు అని ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు.

అంతా బాగానే నడిచేది, పెద్దవైద్యుడి కూతురు వచ్చి కూర్చోకపోతే. ముప్పై దాటినా శాలలో అందరికీ ఆమె పాపగారే. మందుల చదువు చదివింది. వస్తూ వస్తూ ఒక మైక్రోస్కోపు తెచ్చుకుంది. బాబాయి నమిలి ఒప్పుకున్న సరుకునే మళ్లీ చిటికెడు తీసి గాజుపలక మీద వేసి చూస్తుంది. ఇంతకుముందు వచ్చిన గలిజేరులో ఆమెకు రెండో రకం పుడకలు నాలుగు దొరికాయి.

"బాబాయిగారూ, ఇందులో ఎర్రది కలిసినట్టుందండీ. కొంచెమే లెండి."

ఆమె మెల్లగానే అంది. కానీ చేటలు ఆగిపోయాయి. ఆడవాళ్లందరూ విన్నారు. బాబాయికి తల తీసేసినట్టయింది. నాలుగు పుడకలు! ముప్పై ఏళ్ల నాలుక మీద నాలుగు పుడకలు తెచ్చి పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్లకుండా వదినకు ఫోన్ చేశాడు.

"వదినా, ఈసారి తెల్లది మాత్రమే తీసుకురా. ఒక్క ఎర్ర పుడక కనిపించిందా, నీ బస్తా గుమ్మం ఎక్కదు."

"తెల్లదా?"

"తెల్లదే."

"తెల్లదేనా మరిదీ? ఆలోచించే అంటున్నావా? ఇన్నాళ్లూ..."

"ఇన్నాళ్ల సంగతి నాకెందుకు? ఇప్పటి సంగతి చెప్తున్నా. చెవులు పనిచేస్తున్నాయా లేదా?"

"చెవులకేం, లక్షణంగా ఉన్నాయి. నీ నోటికే కాస్త బెల్లం రాయాలి. సరే, తెల్లదేగా. దానికోసం కాలవ దాకా పోవాలి. నా మోకాలి సంగతి నీకు తెలుసు..."

"మోకాలి కబుర్లు మీ చెల్లెలితో చెప్పుకో," అని ఫోన్ పెట్టేశాడు.

పదిహేను రోజులకు వదిన ఆరు బస్తాలతో దిగింది. బస్సు మీద నుంచి దింపించి, తోపుడు బండి మాట్లాడుకుని, ఆ బండి వెనక కుంటుకుంటూ వచ్చింది. కాలవ గట్టు బురదలో జారి మోకాలు ఇంకాస్త వాచింది. ఆ వాపుకు మందు ఆ బస్తాల్లోనే ఉందని చెరిగేవాళ్లలో ఒకావిడ హాస్యమాడితే, వదినే అందరికన్నా ముందు నవ్వింది.

బాబాయి మొదటి బస్తా మూతి విప్పాడు. చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. తుప్పు రంగు. రెండో బస్తా విప్పాడు. తుప్పు రంగు. మూడోది విప్పి, చెయ్యి పెట్టకుండానే తలకిందులు చేసి వాకిట్లో కుమ్మరించాడు.

"ఏంటిది?"

"గలిజేరు," అంది వదిన.

"ఏ గలిజేరు?"

"నువ్వడిగిందే. తెల్లది."

"ఇది తెల్లదా? అమ్మా, మీరందరూ చూడండి. మీ కళ్లకిది తెల్లగా కనిపిస్తోందా?"

ఆడవాళ్లు చేటల్లోకి చూశారు. వదినకు అర్థం కాలేదు. ముందు హాస్యమనుకుంది. మరిదిని ఎరిగిన మనిషి కాబట్టి వెంటనే కాదని తెలుసుకుంది.

"ఎండాక ఏ రంగైతే నాకేంటి? నేను పువ్వు చూసి పీకాను."

"పువ్వంట! నేను పూలు కోసుకు రమ్మన్నానా? ఎండిన సరుకు కొంటాం మేము. మాల కట్టుకోవడానికి కాదు."

"తెల్లది తెమ్మన్నావుగా మరిదీ. నేను రెండుసార్లు అడిగాను కూడా."

"అడిగి ఇది తెచ్చావా? చుట్టరికం చూసి కళ్లు మూసుకుంటాడులే అనుకున్నావా? పోయినసారి నాలుగు పుడకలు కలిపి చూశావు, ఎవడూ ఏమనలేదని ఈసారి బస్తాలకు బస్తాలే తెచ్చావు. కల్తీ మనిషివి నువ్వు!"

పాపగారు గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెకు బాబాయి మీద కోపమూ ఉంది, జాలీ ఉంది. ఏదైనా దారి వదులుదామనే అడిగింది.

"బాబాయిగారూ, లిస్టులో ఉంచుదామా, తీసేద్దామా? మీరు చెప్పినట్టే చేస్తాను. కావాలంటే ఇంకోసారి చూద్దాం."

ఉంచుదాం అంటే చుట్టరికానికి లొంగాడంటారు. నాలుక పోయిందంటారు. ఆయనకు ఆ క్షణంలో అదొక్కటే తోచింది.

"తీసేయండి," అన్నాడు.

వదిన పైట సర్దుకుంది. "సరే," అంది, ప్రత్యేకంగా ఎవరితోనూ కాకుండా. బస్తాలు అక్కడే వదిలేసి వీధిలోకి వెళ్లిపోయింది. మోకాలు నొప్పిగా ఉన్నా కుంటకుండా నడవాలని చూసింది, వీధి మలుపు దాకా.

బాబాయి ఇంటికి వెళ్లేసరికి వదిన ఫోన్ ముందే వచ్చేసింది. భార్య కంచం పెట్టిన శబ్దంతోనే బాబాయికి సంగతి తెలిసిపోయింది.

"మా అక్కని కల్తీ మనిషి అన్నారటగా."

"తెచ్చింది కల్తీ సరుకు. ఏమనమంటావ్?"

"మా అక్క జన్మలో ఒక్క అబద్ధం ఆడింది. మీ సంబంధం వచ్చినప్పుడు, పిల్లాడు నెమ్మదస్తుడే అని నాతో చెప్పింది. అంతే. ఇంకోటి ఆడదు."

తర్వాత నాలుగు రోజులు ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

శాలలో ఇంకో చిక్కు. ఆ ఆరు బస్తాలు అక్కడుంటే మంచి సరుకులో కలిసిపోతాయని, వెనక్కి పంపేయమని పాపగారు అంది. గలిజేరు కోసం బజారులోని పెద్ద వ్యాపారికి కబురు కూడా పెట్టింది. పది పన్నెండు రోజుల్లో అతని సరుకు దిగుతుంది. ఒకసారి అతను దిగాడంటే వదిన చోటు శాశ్వతంగా అతనిదే. చిల్లర బస్తాల కోసం ఎవరూ మళ్లీ వెతుక్కోరు.

"ఆ బస్తాలు ఎవరితోనో పంపడం కాదు," అంది భార్య, నాలుగో రోజు మొదటిసారి నోరు విప్పి. "సెలవు రోజేగా రేపు. మీరే పట్టుకెళ్లండి. అన్న మాట ముఖం చూసి అన్నారు, ఇచ్చేది కూడా ముఖం చూసే ఇవ్వండి."

బాబాయి వెళ్లాడు. వెళ్తూ దారిపొడుగునా బస్సును తిట్టాడు, కండక్టరును తిట్టాడు, బస్సు మీద ఊగుతున్న తన బస్తాలనూ తిట్టాడు. వదిన ఇంటికి తాళం ఉంది. రైలు కట్ట వైపు ఉందని పక్కింటివాళ్లు చెప్పారు. బస్తాలు ఇంటి ముందు దింపించి, కట్ట దిగి బీట్లోకి నడిచాడు. ఎండ నెత్తిమీద ఉంది.

వదిన నేలమీద గొంతుకూర్చుని చిన్న గునపంతో మట్టి లేపుతోంది. పక్కన పరిచిన టార్పాలిన్ మీద రెండు కుప్పలు. ఒకటి అప్పుడే పీకిన పచ్చి మొక్క. ఇంకొకటి నాలుగైదు రోజుల కిందట పీకి ఆరబెట్టింది. బాబాయి కళ్లు నేరుగా ఎండిన కుప్ప మీదకు పోయాయి. వంగి ఒక పుడక తీశాడు. పాలిపోయి, గడ్డిలా, తేలిగ్గా ఉంది. కొరికాడు.

"ఇదే! ఇదే కదా తెల్లది!" అని అరిచాడు. "ఇంత మంచి సరుకు ఇక్కడ పెట్టుకుని నాకు ఆ చెత్త ఎందుకు తెచ్చావు? ఇది ఎవరి కోసం దాచావు?"

వదిన తల ఎత్తి చూసింది. కోపం లేదు ఆ చూపులో. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"అది ఎర్రది మరిదీ."

"ఏది?"

"నీ చేతిలో ఉన్నది. ఇరవై ఏళ్లుగా నీకు తెచ్చేది అదే. ఈసారి వద్దన్నావుగా. వద్దన్నావని ఎవరైనా కొంటారేమో చూద్దామని పీకుతున్నా."

ఆమె పచ్చి కుప్పలోంచి ఒక తీగ లాగి ఆయన ముందు పెట్టింది. కాడ ఎర్రగా ఉంది, కుంకుమలో ముంచినట్టు. కొసన పువ్వులు, ఆవగింజంత, ముదురు గులాబీ రంగులో, దూరంనుంచి చూస్తే ఎర్రగానే కనిపించేవి. గాలికి వణుకుతున్నాయి. పచ్చిగా ఉన్నప్పుడు దాన్ని తెల్లది అని గుడ్డివాడు కూడా అనడు.

"మరి కాలవ దగ్గరిది?" అన్నాడు. గొంతు ఎందుకో తగ్గింది.

"దానికి తెల్ల పువ్వు. ఆకు చంకలో దాక్కుని ఉంటుంది. మొక్కను చూసేవాళ్లెవరైనా అదే తెల్లది అంటారు. మా అమ్మ కూడా అలాగే అనేది. మీరు వేరే ఏమైనా అంటారా?"

బాబాయి నోట్లో పుడక అలాగే ఉంది. ముప్పై ఏళ్లు. ఎన్ని బస్తాలు విప్పాడో, ఎన్ని వేళ్లు కొరికాడో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆ మొక్క నేలమీద బతికి ఉండగా చూడలేదు. దానికి పువ్వు ఉంటుందని, ఆ పువ్వుకో రంగు ఉంటుందని ఏనాడూ తోచలేదు. ఆయన దగ్గరకు వచ్చేసరికి అది ఎప్పుడూ ఎండిపోయే ఉండేది. గోనెలోంచి చూసి ఆయన తెల్లది అన్నాడు. మట్టిలోంచి చూసి ఆమె ఎర్రది అంది. రెండుసార్లు అడిగింది కూడా. చెవులు పనిచేస్తున్నాయా అని తిట్టాడు.

వదినకు అర్థమైపోయింది. ఆమె గునపం కింద పెట్టి, చేతులు దులుపుకుని, ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది. ఒక్క మాట కోసం కూర్చుంది. ఆ మాట పెద్దదేం కాదు. అనడానికి ఊపిరి ఒక్కటి చాలు.

"బస్సుకు టైమైంది," అన్నాడు బాబాయి.

గబగబా కట్ట ఎక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

బస్సులో కూర్చున్నాక చూసుకుంటే ప్యాంటు నిండా చిన్న చిన్న గింజలు. ఆ మొక్కవే. జిగురుగా ఉండి, నడిచేవాణ్ణి అంటుకుని పోతాయి. రెండు గంటలూ వాటిని గోటితో ఒక్కొక్కటే గీకుతూ కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాయన "ఎక్కడ పడ్డారండీ?" అని అడిగితే, మామూలుగా అయితే నాలుగు వడ్డించేవాడే. ఆ రోజు "పడ్డానండీ" అని ఊరుకున్నాడు. దిగాక బస్టాండు ప్రహరీ మొదట్లో, మురిక్కాలవ అంచున, అదే మొక్క కనిపించింది. అదే ఎర్ర కాడ. రోజూ దాన్ని దాటుకునే పనికి వెళ్తాడు. ఒక్కసారైనా వంగి చూసుంటే సరిపోయేది.

ఇంట్లో భార్య ఆయన ముఖం చూసి మంచినీళ్లు ఇచ్చింది. ఆమె మంచినీళ్లు ఇచ్చి నాలుగు రోజులైంది. ఆయన గ్లాసు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ముందు బస్సును తిట్టాడు, తర్వాత పాపగారి చదువును తిట్టాడు, తర్వాత లోకంలో ఒక మొక్కకు రెండు పేర్లు, రెండు మొక్కలకు ఒక పేరు పెట్టినవాళ్లను తిట్టాడు. భార్య అడ్డు రాలేదు. తిట్టడానికి ఇంకెవరూ మిగలక ఆఖరికి అసలు సంగతి చెప్పాడు.

"అక్కతో చెప్పారా, తప్పు నాదని?"

"బస్సుకు టైమైంది."

భార్య ఖాళీ గ్లాసు అందుకుని, "నాతో చెప్పి ఏం లాభం? లిస్టు నా దగ్గరుందా?" అంది.

తెల్లారాక బాబాయి శాలకు అందరికన్నా ముందు వెళ్లాడు. ఏం చెప్పాలో నడిచేటప్పుడు నాలుగు రకాలుగా కూర్చుకున్నాడు. "చిన్న పొరపాటు జరిగింది" అని ఒకటి. "మాట అటూ ఇటూ అయింది" అని ఇంకొకటి. చెప్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. మైక్రోస్కోపు వచ్చినప్పటి నుంచి ఈ ముసలి నాలుక ఇంకెందుకు అనే ఆలోచన ఎవరి బుర్రలోనైనా ఉంటే, దానికి ఈయనే నీళ్లు పోసినట్టవుతుంది. చెప్పకపోతే వ్యాపారి సరుకు దిగుతుంది. వదిన ఎవరికీ ఏమీ చెప్పదు. చెప్పినా ఎవరూ నమ్మరు. ఆ విషయమే ఆయన్ని లోపల కొరికింది.

ఆడవాళ్లు వచ్చి చేటలు అందుకున్నారు. పాపగారు వచ్చింది. బాబాయి వాకిలి మధ్యలో నిలబడ్డాడు.

"పాపగారూ, గలిజేరు విషయంలో తప్పు నాదేనండి. మా వదినది కాదు."

కూర్చుకున్న నాలుగు రకాల్లో ఇది లేదు. చేటలు ఆగాయి. ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు: గోనెలో తెల్లది, నేలమీద ఎర్రది, ఫోన్‌లో తిట్టినది, బీట్లోంచి పారిపోయినది కూడా. పారిపోయిన దగ్గర ఒకావిడ ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. ఆయన ఆమె వైపు చూడలేదు.

పాపగారు నవ్వలేదు. కుర్చీ లాక్కుని, ఆయన్ని కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"నేను కూడా ఆ మొక్కని పచ్చిగా చూడలేదు బాబాయిగారూ. పుస్తకంలో బొమ్మ చూశాను, గాజు కింద పొడి చూశాను. ఆ రోజు ఆవిడ పువ్వు అంటే, నాకూ తట్టలేదు."

"మీకు తట్టకపోతే పర్లేదండి. మీకింకా ముప్పై ఏళ్లు కాలేదు ఈ పనిలో."

"వ్యాపారికి మాట ఇచ్చేశాను. వచ్చే వారం శుక్రవారం లోపు మన సరుకు మనకు చేరితే అతనికి వద్దని చెప్తాను. ఆరు బస్తాలు, బాగా ఎండినవి. లేకపోతే నాన్నగారు ఒప్పుకోరు. ఇంకోటండీ. ఇకమీదట తెచ్చేవాళ్లకు ఏం తేవాలో నేనే చెప్తాను. మీరు కాదు."

బాబాయి తల ఊపాడు. ముప్పై ఏళ్లలో ఆయనకు దక్కిన ఒకే ఒక్క పెత్తనం అది. పోయింది. ఇంకో రోజైతే దాని గురించి సాయంత్రం దాకా మాట్లాడేవాడు. ఆ రోజు వారం రోజులకు సెలవు రాయించుకుని, మధ్యాహ్నం బస్సు పట్టుకున్నాడు.

వదిన బీట్లోనే ఉంది. ఆయన్ని చూసి కూడా చూడనట్టు గునపం ఆడించింది. బాబాయి సంగతంతా చెప్పాడు: శుక్రవారం, ఆరు బస్తాలు, పాపగారు ఒప్పుకోవడం. వదిన వినలేదన్నట్టే ఉంది. ఇంకేం చెప్పాలో తెలియక ఆయన కూడా గొంతుకూర్చుని పీకడం మొదలుపెట్టాడు.

పీకడం అంటే లాగడమే అనుకున్నాడు. లాగాడు. కాడ చేతికొచ్చింది, వేరు మట్టిలోనే ఉండిపోయింది. ఇంకోటి లాగాడు. సగం వేరు వచ్చింది. గంట సేపటికి ఆయన పక్కన ఒక కుప్ప తయారైంది, అన్నీ మొండివే. నడుము పట్టేసింది. అరచేతులు మండుతున్నాయి. తను ఒక్కో బస్తాను ఎంత తేలిగ్గా తలకిందులు చేసి కుమ్మరించేవాడో గుర్తొచ్చి ముఖం చిట్లించుకున్నాడు.

వదిన కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత ఓర్చుకోలేకపోయింది.

"అయ్యా, తమరు ఆపండి! వేరు లేకుండా దాన్నేం చేసుకుంటారు, మీ శాలలో? చుట్టూ మట్టి లేపాలి. లేపి, మొదట్లో పట్టుకుని, మెల్లగా తిప్పుతూ పైకి తీయాలి. జుట్టు పీకుతున్నట్టు పీకుతున్నావు. నీకెవరు నేర్పారు?"

"నేర్పితేగా తెలియడానికి."

"ఎవరైనా నేర్పబోతే నువ్వు వినే మనిషివా?"

"కాదు," అన్నాడు బాబాయి.

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. గునపం ఆగింది. ఆయన మట్టి చేతుల్ని మోకాళ్ల మీద పెట్టుకుని, నేలకేసి చూస్తూ, "తప్పు నాది వదినా," అన్నాడు. అదే సమయానికి కట్ట మీద గూడ్సు బండి వచ్చింది. నలభై పెట్టెలు. అవన్నీ పోయేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

"ఏమన్నావు?" అంది వదిన.

"తప్పు నాదన్నాను."

"ఇక్కడ ఎవరున్నారని అంటున్నావు? మేకలున్నాయి. నన్ను కల్తీ మనిషి అన్నది ఎవరి ముందు?"

"శాలలో చెప్పేశాను. అందరి ముందూ చెప్పాను."

"నేను లేనప్పుడు చెప్పావు. తిట్టినప్పుడు నన్ను నిలబెట్టి తిట్టావు. ఇది మాత్రం నేను లేకుండా చూసి చెప్పుకున్నావా?" ఆమె గునపాన్ని మట్టిలో గుచ్చింది. "సరుకు తెస్తాను. తెచ్చి ఆ వాకిట్లోనే నిలబడతాను. అప్పుడు చెప్పు. చెప్పాకే బస్తా మూతి విప్పుతాను. లేకపోతే ఆరు బస్తాలూ మళ్లీ బండెక్కుతాయి, లిస్టూ వద్దు, మీరూ వద్దు."

"సరే."

"సరే అంటే పని చెయ్యి. ఇటు పట్టు గునపం. అలా కాదు."

ఐదు రోజులు వాళ్లిద్దరూ, చివరి రెండు రోజులు బాబాయి భార్య కూడా వచ్చి ముగ్గురూ బీడంతా దువ్వారు, ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులు సరుకంతా ఎండబెట్టారు. అక్కాచెల్లెళ్లు చిన్నప్పటి సంగతులు చెప్పుకుని నవ్వుకుంటుంటే, బాబాయి కొంచెం దూరంగా కూర్చుని మట్టి లేపేవాడు. అప్పుడప్పుడు ఒక వేరు మొత్తంగా పైకి వచ్చేది. వచ్చినప్పుడు దాన్ని ఎవరికైనా చూపించాలనిపించేది. చూపించేవాడు కాదు.

శుక్రవారం ఉదయం తోపుడు బండి శాల ముందు ఆగింది. వదిన వాకిలి మధ్యలో నిలబడింది. చేతులు కట్టుకుంది. ఆడవాళ్లు చేటలు దించారు. పాపగారు గుమ్మంలోకి వచ్చింది, వెనక పెద్దవైద్యుడు కూడా కర్ర పోటేసుకుని వచ్చాడు. ఆయన రావడం బాబాయి లెక్కలో లేదు.

"మా వదిన కల్తీ మనిషి కాదు," అన్నాడు. పెద్దవైద్యుడి వైపు తిరిగాడు. "ఆవిడ నేను అడిగిందే తెచ్చింది. నేనే తప్పు అడిగాను. అడిగి, అందరి ముందూ ఆవిణ్ణి అనరాని మాట అన్నాను. తప్పు నాది వదినా. మనసులో పెట్టుకోకు."

వదిన ఆ మాట వాకిట్లో ఒక నిమిషం ఉండనిచ్చింది. అది ఆమెకు రావలసిన నిమిషం. తర్వాత కళ్లు పైటతో ఒత్తుకుని, "సరే, ఇక అరవకు. పెద్దాయన భయపడుతున్నారు," అని మొదటి బస్తా మూతి విప్పింది.

పాపగారు చిటికెడు తీసి లోపలికి వెళ్లి వచ్చింది. వచ్చి, లిస్టులో కొట్టేసిన చోట పక్కనే వదిన పేరు మళ్లీ రాసి, అక్కడే పైకి చదివింది. చదివేదాకా వదిన కూర్చోలేదు.

బాబాయి బస్తాలు లోపలికి మోశాడు. ఐదు అయ్యాయి. ఆరోదనుకుని ఇంకోటి పట్టుకోబోతే వదిన అడ్డం వచ్చింది.

"అది కాదు. ఆరోది బండి కింద ఉంది, తెచ్చుకో. ఇది నీ మొదటి రోజు పంట. వేరు లేనివన్నీ ఇందులో వేశాను. ఈ మొండి సరుకు కలిపితే నన్ను మళ్లీ ఏమంటావో అని."

ఆడవాళ్లు ఈసారి ఆయన ఎదుటే నవ్వారు. పాపగారు కూడా నవ్వింది. బాబాయి ముఖం మాడ్చుకోవాలని చూశాడు, కుదరలేదు. సాయంత్రం పని దిగాక ఆ బస్తా భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. దారిలో ఎదురైనవాళ్లు ఏంటది అని అడిగితే, "నా సరుకే," అని చెప్పుకుంటూ పోయాడు.